పక్క పెట్టె

ఆ వానాకాలమంతా నేను ఒక అద్దానికి ముక్కు ఆనించుకుని బతికాను. ఇంట్లో పడుకున్నానంటే పడుకున్నాను, తిన్నానంటే తిన్నాను. బతికింది మాత్రం ఆసుపత్రి పై అంతస్తులో, నెలలు నిండని పిల్లల్ని పెట్టే గది బయట, ఆ వరండాలోనే.

పాప ఏడో నెల దాటీ దాటకముందే పుట్టింది. అందరు పిల్లల్లా ఏడవలేదు. పిల్లికూన మూలిగినట్టు ఒక్క శబ్దం చేసింది, అంతే, తువ్వాల్లో చుట్టి ఎత్తుకుపోయారు. నా చేతికి ఇవ్వలేదు. ముఖం చూపించారని మా అత్తయ్య అంటుంది గానీ నాకు కనిపించింది తువ్వాలు అంచే.

నాలుగడుగులు వేసే ఓపిక వచ్చాక అత్తయ్య నా రెక్క పట్టుకుని మెట్లెక్కించింది. వరండా పొడవునా పెద్ద అద్దం. అద్దం అవతల ఒకే వరసలో గాజుపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో బుల్లి టోపీ. వరస మధ్యలో, లోపలివైపు, అద్దానికి ఆనించి ఒక ఇనప బీరువా పెట్టారు. మందులదో గుడ్డలదో. దాని వెనక ఏముందో బయటివాళ్ళకి కనబడదు.

అవతలి చివర తలుపు తీసుకుని సిస్టరు వచ్చింది. "మీ పాప మూడోదమ్మా. లోపలికి రాకూడదు. అసలే వానలు, ఒకళ్ళ జలుబు అందరికీ అంటుకుంటుంది. పాలు పిండి గిన్నెలో పోసి నాకివ్వు, గొట్టంతో నేను పడతాను. సరేనా? టైమైపోయింది" అని చేతి గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఏం చెప్పినా చివర "టైమైపోయింది" ఉండాల్సిందే. అందుకని మేము ఆమెకి గడియారం సిస్టరని పేరు పెట్టుకున్నాం.

తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని నేను. తెల్ల బట్టలు కనబడితే చాలు, రెండో ప్రశ్న నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. మెట్లవైపు నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని అక్కడ నిలబడ్డాను.

గుప్పెడు పిల్ల. తొడలు నా బొటనవేలంత. ముక్కులో గొట్టం, పాదానికి తీగ. కుడిచేతి పిడికిలి చెవి దగ్గర పెట్టుకుని, దూరాన్నుంచి ఎవరో చెప్పేది వింటున్నట్టు పడుకుంది. ఉన్నట్టుండి ఎడమకాలు ఒక్క తన్ను తన్నింది.

"చూశావా, చూశావా! ఆ చెవులు చూడవే!" అంది అత్తయ్య. "అచ్చం మీ మామగారివే. గుడిసెకి రెండు తలుపులు తెరిచిపెట్టినట్టు. పోనీలే, ఆడపిల్ల, జుట్టు కప్పేస్తుంది."

నేను నవ్వబోయి ఏడ్చాను. రెండు చేతులూ అద్దానికి ఆనించాను. అద్దం చల్లగా ఉంది.

* * *

మా పుట్టింట్లో ప్రార్థన అంటే భోజనం ముందు నాన్న గొణిగే నాలుగు మాటలు. అత్తవారింట్లో అలా కాదు. అత్తయ్య ప్రార్థన మొదలుపెడితే పక్కవీధి కుక్కలు లేచి కూర్చుంటాయని మా ఆయన అంటారు. వారం వారం ఆడవాళ్ళ కూడిక మా ముందుగదిలోనే. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గొంతెత్తి ప్రార్థిస్తారు. కళ్ళు మూసుకుని ఉన్నా నా వంతు దగ్గరికొస్తున్న సంగతి నా గుండెకి తెలిసిపోయేది. నా పక్కామె ముగించాక గదంతా నిశ్శబ్దం. నేను "ఆమెన్" అనేదాన్ని. అందరూ నవ్వు దిగమింగుకుని "ఆమెన్" అనేవాళ్ళు.

"సంతకం పెట్టావు బాగానే ఉంది, మరి ఉత్తరమేదే?" అనేది అత్తయ్య, అందరూ వెళ్ళాక.

"నాకు మాటలు రావు అత్తయ్యా."

"నా కొడుకు మీద చాడీలు చెప్పడానికి వస్తాయి గానీ దేవుడి దగ్గర రావా?"

ఆసుపత్రి వరండాలోనూ ఆమె తన గొంతు తగ్గించలేదు. మొదటిరోజే రెండు చేతులూ పైకెత్తి "ప్రభువా!" అందో లేదో, గడియారం సిస్టరు తలుపు తోసుకుని వచ్చింది.

"పెద్దమ్మా, లోపల పిల్లలు పడుకున్నారు. కాస్త మెల్లగా."

"మెల్లగా అంటే ఆయనకి వినపడొద్దూ?"

"ఆయనకి వినపడుతుంది. నాకు వినపడకుండా చెయ్యి. టైమైపోయింది."

అత్తయ్య చేతులు దించి నావైపు చూసింది. "ఈవిడ నీకు సరిగ్గా సరిపోతుందే. ఇద్దరిదీ నోరులేని భక్తి."

నాకు భక్తి లేదు, భయముంది. పొద్దున్నే లేచి, గొడుగు పట్టుకుని, బస్సెక్కి ఆసుపత్రికి వచ్చేదాన్ని. కింద తల్లుల గదిలో చెక్కబల్ల మీద కూర్చుని పాలు పిండేదాన్ని. గిన్నె అడుగు తడవడానికే ప్రాణం పోయేది. ఆ గిన్నె మీద మూత పెట్టి, రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కి సిస్టరుకి ఇచ్చి అద్దం దగ్గరికి వెళ్ళేదాన్ని. ఇక సాయంత్రందాకా అక్కడే.

చంకలో ఏమీ లేకపోవడం అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. నిలబడ్డచోటే ఊగేదాన్ని, చేతుల్లో బిడ్డ ఉన్నట్టు. బస్సులో ఎవరి ఒళ్ళోనో పిల్ల ఏడిస్తే నా జాకెట్టు తడిసిపోయేది. కొంగు కప్పుకుని కిటికీవైపు తిరిగేదాన్ని, వాన జల్లు పడిందనుకోనీ అని. దాన్ని ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ అనుకునేదాన్ని. మళ్ళీ వెంటనే లెంపలు వేసుకునేదాన్ని. ఏమైనా కానీ ఏమిటి, దిక్కుమాలినదాన్ని!

ప్రార్థన ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. అద్దం మీద నా ఊపిరి ఆవిరై పట్టేది, కొంగుతో తుడుచుకుంటూ చూసేదాన్ని. చూసింది ఎవరికైనా చెప్పాలి కదా. అత్తయ్య కూడికలకీ ఇంటిపనికీ వెళ్ళేది, ఆయన ఊళ్ళో లేరు. "ప్రభువా, ఎక్కిళ్ళొచ్చాయి దానికి, చూశావా? అదిగో, ఆవులించింది. ఎడమకాలికి దుప్పటి నిలవట్లేదు, ఎవరితోనైనా కప్పించు." ఇలాంటివే. ప్రార్థన అంటారో, ఊసుపోని కబుర్లు అంటారో. నోరు మాత్రం అలా తెరుచుకుంది.

మా ఆయన కరెంటు పనిచేస్తారు. అప్పట్లో ఏదో పెద్ద కట్టడంలో తీగలు లాగే పనిమీద దూరంగా ఉండి, ఆదివారం ఆరాధన వేళకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. ఆరాధన కాగానే ఆసుపత్రికి వచ్చి, తడిసిన చెప్పులు మెట్ల దగ్గర వదిలేసి, అద్దం ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు, పాస్టరుగారి ముందు నిలబడ్డట్టు.

"ఎడమకాలితోనే తంతోందే! నేనూ అంతే. చిన్నప్పుడు బంతి ఎడమకాలితో తన్నానంటే పక్క పేటలో పడేది."

"పక్క పేటలో అద్దాలు పగిలేవి" అంది అత్తయ్య.

"ఈ అద్దం కూడా పగలగొట్టి తీసుకుపోదామా?" అన్నారాయన మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా. నేను మాట్లాడలేదు. మాట్లాడితే సరేనని ఉండేదాన్ని.

ఒక్కటే నాకు అర్థమయ్యేది కాదు. సిస్టరు రోజూ పెదవి విరిచేది. "బరువు పెరగట్లేదమ్మా." నాకేమో బుగ్గలు వస్తున్నట్టే ఉండేది.

"కాస్త ఒళ్ళు చేసినట్టే ఉంది కదా సిస్టర్, ఇక్కణ్ణుంచి చూస్తే?"

"అద్దంలోంచి అన్నీ బాగానే కనిపిస్తాయమ్మా" అని గిన్నె అందుకుని వెళ్ళిపోయేది.

* * *

ఆ మధ్యాహ్నం కుండపోతగా కురుస్తోంది. పట్టపగలే దీపాలు వేశారు. అత్తయ్య ఇంటికి వెళ్ళింది. నేను అద్దం తుడుచుకుని చూద్దును కదా, మూడో పెట్టెలో పిల్ల రంగు మారింది. ముందు పెదవులు, తర్వాత ముఖమంతా. నేరేడుపండు రంగు. పిడికిలి చెవి దగ్గర్నుంచి జారిపోయింది.

అద్దం బాదాను. సిస్టరు అప్పటికే పరుగెడుతోంది. డాక్టరమ్మ వచ్చింది, ఇంకెవరో వచ్చారు. పెట్టె చుట్టూ వీపులే వీపులు. పిల్ల కనబడలేదు.

మోకాళ్ళ మీద పడ్డది గుర్తుంది. ఆ తర్వాత వరండాలో వినబడిన గొంతు నాదేనని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. అత్తయ్య గొంతుని మించిపోయింది. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. "ఊపిరి నువ్విచ్చిందే కదా, ఇంకాస్త ఇవ్వలేవా? నాది తీసి పెట్టు, నాది తీసి పెట్టు" అన్నాను. మెట్లమీద వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు. ఎవరో ముసలాయన తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి వీపులు విడిపోయాయి. వాటి మధ్యనుంచి ఎడమకాలు లేచింది. తన్నింది.

సిస్టరు నుదురు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నన్ను చూసి ఆగింది. "ఏమ్మా, ఏమైంది? కింద కూర్చున్నావేం?"

"బతికిందా సిస్టర్? మా పాప బతికిందా?"

"మీ పాపకేమైంది? హాయిగా నిద్రపోతోంది."

"ఇప్పుడు... ఆ రంగు మారి..."

"ఆ పిల్ల వేరు. మీ పాప బీరువా వెనకుంది కదా. మూడోదని మొదటిరోజే చెప్పాను."

"మూడోదే కదా సిస్టర్ అది?"

ఆమె అద్దంవైపు చూసింది, మెట్లవైపు చూసింది, నావైపు చూసింది. "అయ్యో తల్లీ! మేము తలుపు దగ్గర్నుంచి లెక్కపెడతాం."

ఆమె నా పక్కన నేలమీద కూర్చుంది. గడియారం చూసుకోలేదు. "బీరువా అడ్డం కదా, అందుకని ఇక్కడ నిలబడి అటు తొంగిచూస్తున్నావనుకున్నా. ఇన్నాళ్ళూ నువ్వు ఈ పిల్లనా...?"

నన్ను లేపి బీరువా అంచు దగ్గరికి తీసుకెళ్ళింది. చెంప అద్దానికి నొక్కి, ఒక కన్ను మూసి చూస్తే, బీరువాకీ అద్దానికీ మధ్య సందులోంచి ఒక గొట్టం వంపు, తెల్లగుడ్డ మూల. అంతే కనిపించింది.

"అదీ, మీ పాప" అంది సిస్టరు.

మూరెడు దూరం. ఇన్నాళ్ళూ మా మధ్య ఉన్నది మూరెడు దూరమే.

* * *

ఇంటికి వెళ్ళి చెప్తే అత్తయ్యకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడింది.

"అయితే ఆ చెవులు?"

"మామయ్యవి కావు అత్తయ్యా."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత. కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోయింది. "చచ్చి స్వర్గాన ఉన్న మనిషిని పట్టుకుని ఎవరి పిల్లకో అంటగట్టానే!" నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. నేను నవ్వలేదు.

"నా ప్రార్థనలన్నీ పోయాయి" అన్నాను. "జన్మలో మొదటిసారి నోరు తెరిచాను. ఒక్కటీ నా బిడ్డకి చేరలేదు. అందుకే అది బరువు పెరగలేదు. ఆ పిల్ల పెరిగింది. నాది పెరగలేదు."

"నువ్వు పిండిన పాలు ఎవరికి పట్టారు?"

"మన పాపకే. సిస్టరు గిన్నె మీద చీటీ అంటిస్తుంది."

"పాలు పోవాల్సిన చోటికే పోయాయి కదా. ప్రార్థనలు అంతకంటే తెలివితక్కువవా?"

మంచి మాటే. కూడికలో చెబితే అందరూ స్తోత్రం అనేవాళ్ళు. నాకు మాత్రం ఎక్కలేదు. గిన్నెకి చీటీ ఉంది, నా మాటలకి చీటీ ఎక్కడుంది? నేను కళ్ళతో చూసి, కాలు చూసి, చెవి చూసి, ఆ పిల్ల కోసమే అడిగాను. "ఎవరి కోసమో నాకు తెలియదు, నీకు తెలుసు కదా. మొదటిరోజే ఒక్కమాట చెప్పకూడదా?" అని దేవుడితో పేచీ పెట్టుకున్నాను. "సరే, అయిందేదో అయింది. అవన్నీ తీసి పక్క పెట్టెకి మార్చు" అని కూడా అడిగాను. అడిగాక ఒళ్ళు జలదరించింది. ఆ మధ్యాహ్నం ఇచ్చిన ఊపిరి కూడా తీసి మార్చమని అడిగినట్టే కదా అది!

మర్నాటి నుంచి బీరువా అంచు దగ్గరే నిలబడ్డాను. గొట్టం వంపు, గుడ్డ మూల. మెడ పట్టేసేది. గుడ్డ కదిలితే పాప కదిలిందనుకునేదాన్ని, ఫ్యాను గాలికి కదిలిందేమోనని మళ్ళీ అనుమానం. నాకొచ్చిన ప్రార్థన ఒక్కటే, చూసింది చెప్పడం. చూడ్డానికే లేకపోతే ఏం చెప్పను? నోరు మళ్ళీ మూతపడింది. పక్కకి మాత్రం తల తిప్పలేదు. మంకుపట్టు.

ఆ వారమే డాక్టరమ్మ పిలిచి చెప్పింది. పాప రక్తంలో చీము చేరిందట, మందు మార్చారట. "చేసేది చేస్తున్నాం. చూద్దాం" అంది. చూద్దాం అనే మాట ఎంత కర్కశంగా ఉంటుందో అద్దం ఇవతల నిలబడ్డవాళ్ళకి తెలుసు.

నేను తిరిగి వచ్చి నా మూల నిలబడ్డాను. పక్కనుంచి ఏడుపు వినబడింది. అద్దం దాటి ఏడుపు వినబడదు, నిజానికి. నోరు తెరవడం కంటి చివర్లోంచి కనబడింది, అంతే. చూడకూడదనుకుంటూనే చూశాను. కాలికి దుప్పటి లేదు.

సిస్టరు గిన్నె కోసం వచ్చినప్పుడు అడిగాను. "ఆ పిల్ల కోసం ఎవరూ రారేం?"

"తల్లికి కాన్పులోనే ఫిట్స్ వచ్చాయి. పక్క భవనంలో ఉంది, మనుషుల్ని గుర్తుపట్టట్లేదు. భర్త ఆమె మంచం వదలడు. ఇక్కడ ఆ పిల్లకి..." సిస్టరు ఆగింది. "నువ్వుండేదానివి."

ఆమె వెళ్ళాక బీరువా వదిలి నా పాత చోటికి వచ్చాను. అద్దం తుడిచాను. పిడికిలి చెవి దగ్గరే ఉంది.

"ప్రభువా," అన్నాను, "వీళ్ళ పాపకి దుప్పటి తొలగిపోయింది, కప్పించు. దాని తల్లికి తెలివి ఇవ్వు." బీరువావైపు తిరిగాను. "మా పాప సంగతి నాకు కనబడదు. అది నువ్వే నాకు చెప్పాలి."

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. అత్తయ్య ఎప్పుడు వచ్చిందో, గొడుగు మూసి నీళ్ళు కారుతుండగా నిలబడి ఉంది. ఏదైనా అంటుందనుకున్నాను. నా పక్కకి వచ్చి అద్దానికి నుదురు ఆనించింది. ఆమె పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు.

ఏ జవాబూ రాలేదు నాకు, ఆ రోజూ ఆ మర్నాడూ. సిస్టరు "అలాగే ఉందమ్మా" అనేది. అయినా రోజూ అక్కడే నిలబడి, కనబడే పిల్ల గురించి కబుర్లు చెప్పి, కనబడని పిల్ల గురించి అడిగి, ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడంలో మునుపటి దడ లేదు. బాధ ఉంది.

* * *

వానలు తెరిపి ఇచ్చిన ఒక పొద్దున మెట్ల పక్క లిఫ్టు తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలో ఒకామె, నాకంటే చిన్నది, ఆకుపచ్చ శాలువా కప్పుకుని. కుర్చీ తోస్తున్నతని గడ్డం మాసిపోయి ఉంది. నిద్రలేక కళ్ళు లోతుకుపోయాయి.

ఆమె అద్దం ముందుకు వచ్చి పెట్టెల్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. "ఏదండీ మనది?"

అతను తెల్లబోయాడు. "మూడోదో నాలుగోదో అన్నారు. ఒక్కసారి చూశానంతే, గుర్తులేదు."

"కన్నబిడ్డని గుర్తుపట్టలేరూ?"

"నువ్వు నన్నే గుర్తుపట్టలేదు కదే మొన్నటిదాకా" అన్నాడతను.

సిస్టరు లోపల పనిలో ఉంది. నేను ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆమె కళ్ళ ఎత్తుకి నా కళ్ళు వచ్చాయి.

"అదిగోండి, మెట్లవైపు నుంచి మూడోది" అన్నాను. "పిడికిలి చెవి దగ్గర పెట్టుకుందే, ఆ పాప. ఎప్పుడూ అలాగే పడుకుంటుంది. పాలు పట్టిన కాసేపటికి ఎక్కిళ్ళొస్తాయి, భయపడకండి, వాటంతటవే తగ్గుతాయి. ఎడమకాలికి దుప్పటి నిలవదు, మీరు ఎన్నిసార్లు కప్పినా తన్నేస్తుంది. మధ్యలో ఒకరోజు ఊపిరికి కష్టమైంది. ఇప్పుడు బాగుంది. ఆవులించినప్పుడు చూడండి, ముఖమంతా నోరే."

చెబుతూ ఉంటే ఒక్కో ముక్కా నా దగ్గర్నుంచి వెళ్ళిపోతున్నట్టే ఉంది. అయినా ఏదీ దాచుకోలేదు. దాచుకుని ఏం చేసుకుంటాను?

ఆమె అద్దం మీద చేతులు పెట్టింది. నేను పెట్టినచోటే. వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత నావైపు తిరిగి, "మీరు ఇక్కడ పనిచేస్తారా అక్కా?" అంది.

"లేదమ్మా. నా పాపా లోపలే ఉంది."

"ఏది?"

"మీ పాప పక్కనే. ఆ బీరువా వెనక. ఇక్కడికి కనబడదు."

ఆమె బీరువావైపు చూసింది. "కనబడకుండా ఎలా ఉన్నారక్కా ఇన్నాళ్ళూ?"

"ఉంటున్నాను" అన్నాను.

ఆమె కాసేపు నా చేతిని తన శాలువా కింద పెట్టుకుని కూర్చుంది. ఆమె చెయ్యి వేడిగా ఉంది. ఆ రోజు తర్వాత మూడో పెట్టె ముందు ఆమె కుర్చీ ఉండేది, నేను బీరువా దగ్గరికి జరిగాను. ఇంకొన్నాళ్ళకి ఆ పాపని ఇంటికి పంపించారు. నేను పాల గదిలో ఉన్నప్పుడు వెళ్ళిపోయారు. పైకి వచ్చేసరికి ఆ పెట్టెలో కొత్త టోపీ. నా కళ్ళు మాత్రం చాలారోజులు అక్కడ ఎడమకాలి కోసం వెతికాయి. ఇప్పటికీ ఏ వీధిలోనో గుడిసె తలుపుల్లాంటి చెవులున్న పిల్ల కనబడితే ఆగిపోతాను. పేరు కూడా అడగలేదు.

మా పాప ఒక్కరోజులో లేచి కూర్చోలేదు. "అలాగే ఉందమ్మా" పోయి "పర్లేదమ్మా" వచ్చింది. పర్లేదమ్మా చాలారోజులు నడిచింది. ఒకరోజు సిస్టరు గిన్నె తీసుకోకుండా తలుపు బార్లా తెరిచింది.

"చేతులు మోచేతులదాకా కడుక్కో. గోళ్ళు చూపించు. జుట్టు కట్టెయ్యి. రా."

"లోపలికా?"

"మరి బయట నిలబడి ఎత్తుకుంటావా? ఒంటికి ఒళ్ళు ఆనించి పెట్టుకోవాలి, అప్పుడే తొందరగా పెరుగుతుంది. రా, టైమైపోతోంది."

లోపల వెచ్చగా ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు విప్పించి, దుప్పటి చుట్టూ కప్పి, నా ఎదమీద పెట్టింది పాపని. నాకు ఊపిరి తీసుకోవాలంటే భయమేసింది. పక్షి పిల్ల దిగినట్టు ఉంది. అంత తేలిక. అద్దం అవతల అత్తయ్య ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగులు పెడుతోంది. మా ఆయన బీరువా సందులో కన్ను పెట్టారు. ఇద్దరికీ నేను కనబడను.

పాప ముఖం చూశాను. నాకు తెలియని పిల్ల. పిడికిలి చెవి దగ్గర లేదు, చేతులు రెండూ విప్పుకుని పడుకుంటుంది. కాళ్ళు తన్నదు. ఎక్కిళ్ళు లేవు. నుదుటిమీద ముడత ఒకటి, ఏదో లెక్క కుదరనట్టు. ఇన్ని రోజులు ఈ ముడతతో ఇలాగే ఉందా?

"నేను చూడనప్పుడు నిన్నెవరు చూశారే తల్లీ?" అన్నాను.

"మేమే చూశాం, ఇంకెవరు చూస్తారు? తల అటు తిప్పకు, గొట్టం ఊడుతుంది" అంది సిస్టరు.

ఆమె చేతులు అప్పుడు చూశాను. కడిగి కడిగి, వేళ్ళ మధ్య చర్మం పగిలిపోయి ఉంది.

"నిజమే సిస్టర్" అన్నాను.

ఆమె అటు వెళ్ళాక దుప్పటి కాస్త తొలగించాను. చూసింది ప్రభువుకి చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఒక చెవి నా ఎదకి ఆనుకుని ఉంది, ఇంకో చెవి పైకి ఉంది. చిన్న చెవి, మడత విప్పని చిగురులా. ఎవరి పోలికో నేను చెప్పదలుచుకోలేదు. ఆ చెవి దగ్గరే మొదలుపెట్టాను.